పింగాణి గిండి – వాడుక మరచిన ఒక వస్తువు కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాయమని సంపాదక మిత్రులు కోరారు. రాజుల గూర్చి, యుద్ధాల గూర్చి వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా విశాఖ రేవులో, ట్రాఫిక్ డిపార్టుమెంటులో, సామాను లెక్కపెట్టినవాణ్ణి. కనుక సామాను గూర్చే వ్రాస్తాను. అందులోనూ ఒక చిత్రమైన సామాను గూర్చి. చైనా దేశంలో తయారై, సముద్రాలు దాటి, ఎన్నో దేశాల ఇళ్ళలో వాడబడి, చివరకు ఇది దేనికి పనికివచ్చేదో చూసినవారికి తెలియని స్థితికి చేరిన ఒక పింగాణి పాత్ర ఇది.

ముందుగా మాటల సంగతి. పారసీ భాషలో 'పింగాన్' అంటే గిన్నె. మన 'పింగాణి' ఆ దారినే వచ్చింది. అరబ్బులు కాఫీ తాగే 'ఫింజాన్' కూడా దాని చుట్టమే. ఇక ఉత్తరాదివారు ఆ మట్టిని 'చీనీ మట్టి' అంటారు. చీనాంబరం, చీనీ కర్పూరం వలెనే అదీ దేశం పేరుతో వచ్చిన మాట. అనగా వస్తువు చైనాది, పేరు పారసీది, వాడుక మనది. ఈ మూడు దేశాల నడుమ తిరిగిన సరుకు కనుకనే దాని కథ అంత చిక్కుపడింది.

మన తీరానికి ఎప్పుడు వచ్చింది?

పింగాణి మనకు ఇంగ్లీషువారు తెచ్చారని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. బాపట్ల జిల్లా మోటుపల్లి, కాకతీయుల కాలంలో పెద్ద రేవు. గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం మన రేవు ఉద్యోగులందరూ తెలుసుకోదగినది. అంతకు ముందు రాజులు, గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకు మొత్తం స్వాధీనం చేసుకునేవారట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే పుచ్చుకుంటామని వర్తకులకు అభయమిచ్చాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా శాసనంలో చెక్కించాడు. గంధం, కర్పూరం, చీనీ కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు నూలు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు, ఇలా సాగుతుంది ఆ పట్టిక. నేటి భాషలో చెప్పాలంటే అది రాతి మీది టారిఫ్ పుస్తకం.

ఆ పట్టికలో పింగాణి పేరు లేదు. కాని మోటుపల్లిలోను, నెల్లూరు తీరాన ఉన్న కొత్తపట్నంలోను పురావస్తు శాఖవారి తవ్వకాలలో, పరిశీలనలలో చైనా పింగాణి పెంకులు దొరికాయి. జపాను చరిత్రకారుడు నొబోరు కరషిమా గారు దక్షిణ భారతదేశంలోను, శ్రీలంకలోను ఈ పెంకుల కోసమే ఊరూరా తిరిగి, వాటి మీద 2004లో ఒక గ్రంథం ప్రచురించారు. చైనాలో సుంగు, యువాను వంశాలవారు ఏలిన కాలపు సరుకు మన తీరానికి చేరినట్లు ఈ పెంకుల వలన తెలుస్తున్నది. ఓడలు పోయాయి, వర్తకులు పోయారు, రేవులే పూడిపోయాయి. పింగాణి పెంకు మాత్రం మిగిలింది. దాదాపు 1,300 డిగ్రీల వేడికి కాలిన మట్టి కనుక ఉప్పునీరు దాన్ని ఏమీ చేయలేదు.

అయితే పెంకు మనకు ఎంతవరకు చెబుతుంది? ఏ దేశపు మట్టి, ఏ కాలపు పూత అన్నది చెబుతుంది. అందులో అన్నం తిన్నారో, మందు నూరారో, దేవుడి ముందు నీళ్ళు పెట్టారో చెప్పదు.

ఓడ చీటీ తీర్చిన సందేహం

ఈ విషయంలో ఒక ఓడ కథ చెప్పాలి. భీమునిపట్నంలో 17వ శతాబ్దంలో స్థిరపడి, కోట కట్టి, వర్తకం చేసిన డచ్చి కంపెనీని మనమందరం ఎరుగుదుము. వారి సమాధులు నేటికీ అక్కడ ఉన్నాయి. అదే కంపెనీవారి 'గెల్డర్‌మాల్సెన్' అనే ఓడ చైనాలోని కాంటన్ రేవు నుంచి టీ ఆకు, పింగాణి నింపుకుని హాలెండుకు బయలుదేరి, 1752 జనవరి 3న దక్షిణ చైనా సముద్రంలో ఒక దిబ్బను కొట్టుకుని మునిగిపోయింది. ఓడలో ఉన్న 112 మందిలో 32 మంది మాత్రమే బ్రతికి బయటపడ్డారు.

1985లో మైకేల్ హాచర్ అనే సాహసి ఆ సరుకును పైకి తీశాడు. మరుసటి సంవత్సరం ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశారు. దాదాపు లక్షన్నర పింగాణి వస్తువులు! టీ ఆకు పెట్టెల అడుగున ఉండటం వలన చాలావరకు చెక్కుచెదరలేదు. అందులో గుండ్రని పొట్ట, వెడల్పయిన అంచు, ప్రక్కన ఒక పిడి ఉన్న చిన్న పాత్రలు కొన్ని ఉన్నాయి. కప్పులా అంటే కప్పులు కావు. పసిపిల్లల మూత్రపు పాత్రలేమో అనేట్లు ఉన్నాయి. ఏమిటివి?

సమాధానం సముద్రంలో దొరకలేదు, హాలెండులోని పాత దస్తావేజులలో దొరికింది. ఓడకు ఎక్కించిన సరుకు జాబితా కంపెనీ లెక్కలలో భద్రంగా ఉన్నది. టీ కప్పులు, సాసర్లు 63,623. ఉమ్మిపాత్రలు 299. వాంతి పాత్రలు 606. ఆ పట్టికను, పాత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చూసిన డచ్చి పండితుడు యోర్గ్ గారు, ఈ పిడి పాత్రలే వాంతి పాత్రలని నిర్ణయించారు. విందు భోజనాలలో అతిగా తిని తాగినవారి కోసం చేసిన ఏర్పాటు అది!

మనలో టాలీ షీట్లు వ్రాసినవారికి, మానిఫెస్టులు సరిచూసినవారికి ఈ కథ వినగానే కొంత గర్వం కలగాలి. ఎవరో ఒక గుమాస్తా, సరుకు ఎక్కించేటప్పుడు విసుగు లేకుండా వ్రాసిన ఒక వరుస రెండువందల ఏళ్ళ తర్వాత పండితుల సందేహం తీర్చింది. ఆ వరుసే లేకపోతే అవి ఈపాటికి ఎవరి బల్ల మీదనో చక్కెర గిన్నెలుగా వెలిగిపోయేవి. సరుకును వేలానికి తీసిన తొందరలో, ఓడలో ఏ వస్తువు ఎక్కడ, దేని ప్రక్కన ఉన్నదో సరిగా నమోదు చేయలేదని పురావస్తు శాస్త్రజ్ఞులు హాచర్‌ను గట్టిగా విమర్శించారు. వస్తువు విలువలో సగం దాని చీటీలోనే ఉన్నదని వారి వాదన.

పిడి లేని పాత్ర

ఇక అసలు కథకు వస్తాను. చైనావారు ఎగుమతికి చేసిన పాత్రలలో ఒకటి ఉన్నది. గుండ్రని పొట్ట, నిలువుగా పొడవాటి మెడ, భుజం దగ్గర ఉబ్బెత్తుగా ఒక కొమ్ము. పిడి లేదు. మలయా, జావా ప్రాంతాలలో దాన్ని 'కెండి' అంటారు. యూరపు సంగ్రాహకులు దీన్ని చూసి చాలా తికమకపడ్డారు. టీ కాచే పాత్ర అనుకుంటే పట్టుకోవటానికి పిడి లేదాయె. పూల కూజా అనుకుంటే కొమ్ము దేనికి? 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదట ఏనుగు ఆకారంలోను, కప్ప ఆకారంలోను కూడా వీటిని చేశారు. ఏనుగు వీపు మీద మెడ, తొండం దగ్గర కొమ్ము! బొమ్మా, పాత్రా అన్నది కూడా తేల్చుకోవటం కష్టం.

తెలుగువారికి మాత్రం ఇందులో చిక్కు ఉండకూడదు. సంస్కృతంలో 'కుండిక' అంటే నీళ్ళ పాత్ర. దాని నుంచే మలయా 'కెండి', మలయాళపు 'కిండి', మన 'గిండి' వచ్చాయి. మన పెద్దల ఇళ్ళలో కంచు గిండి, కొమ్ముచెంబు, జారీ ఉండేవి. మెడ చేతిలో పట్టుకుని, తల వెనక్కు వాల్చి, కొమ్ము పెదవికి తగలకుండా నీళ్ళు పైనుంచి పోసుకుని తాగుతాము. మెడే పిడి. కొమ్ము నోటికి తగలదు కనుక ఎంగిలి లేదు. ఒకే పాత్రతో పదిమంది దాహం తీర్చుకోవచ్చు. ఎంగిలి అన్న పట్టింపు లేని దేశస్థులకు ఈ పాత్ర రహస్యం అర్థం కాకపోవటంలో వింత లేదు.

ఈ కుండిక చైనాకు ఎలా వెళ్ళింది? బౌద్ధ భిక్షువుల చేతిలో. ఇత్సింగు అనే చైనా యాత్రికుడు 671లో స్వదేశం విడిచి, 673లో బంగాళాఖాతపు తామ్రలిప్తి రేవులో దిగి, నలందలో చాలా ఏళ్ళు చదువుకుని, 695లో తిరిగి చైనా చేరాడు. భారతదేశపు భిక్షువుల నడవడి గూర్చి ఆయన వ్రాసిన గ్రంథంలో నీళ్ళ పాత్రల మీద ఒక ప్రకరణమే ఉన్నది. భిక్షువు వద్ద రెండు పాత్రలు ఉండాలి. ఒకటి తాగే నీటికి, రెండవది శౌచానికి. తాగే నీటిది మట్టిది గాని పింగాణిది గాని అయి ఉండాలి. రెండవది రాగిది గాని ఇనుముది గాని కావచ్చు. తాగే పాత్రను శుభ్రమైన చేతితో పట్టుకుని, శుభ్రమైన చోట ఉంచాలి. మన అమ్మమ్మల మడి, అంటు ఇందులో ఎంతో కొంత కనపడుతున్నాయి కదా!

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. ఇత్సింగు వర్ణించిన కుండికలో పైన సన్నని గొట్టం, దానికి తినే పుల్ల పట్టేటంత రంధ్రం. నీళ్ళు నింపేది మాత్రం ప్రక్కనున్న మూతి ద్వారా. తాగేది పైగొట్టం నుంచి. కెండిలో ఇది తలక్రిందులు. నింపేది పైనుంచి, తాగేది ప్రక్క కొమ్ము నుంచి. 12వ శతాబ్దపు కొరియా దేశపు అందమైన ఆకుపచ్చ కుండికలు మ్యూజియంలలో చూసేవారు, అలవాటు కొద్దీ ప్రక్క మూతినే కొమ్ము అనుకుంటారు. రూపం దాదాపు ఒకటే. వాడుక ఎదురుబొదురు. వాడిన చేయి చూపిస్తే తప్ప తెలిసే మార్గం లేదు.

గిండి హుక్కా అయింది

కథ అంతటితో ఆగలేదు. పారశీకం, హిందూస్థానంలో పొగాకు ప్రవేశించింది. అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరు నుంచి పొగాకును, రత్నాలు పొదిగిన హుక్కాను తెచ్చి అక్బరు పాదుషాకు చూపించిన వృత్తాంతం ప్రసిద్ధమే. 17వ శతాబ్దం మొదటి సంవత్సరాల మాట అది. హుక్కాకు కావలసినది ఏమిటి? నీళ్ళు నిలిచే పొట్ట, పైన చిలుము పెట్టటానికి నిలువు మెడ, ప్రక్కన గొట్టం తగిలించటానికి రంధ్రం. చైనా కెండికి ఇవన్నీ ఉన్నాయి! పారశీక, హిందూస్థానీ ప్రభువులు వాటికి లోహపు తొడుగులు వేయించి హుక్కా బుడ్లుగా వాడారు. తర్వాత అదే నమూనాలో హుక్కా బుడ్లే తయారయ్యాయి. పారశీకపు షా అబ్బాసు 1611లో అర్దబీల్ దర్గాకు వెయ్యికి పైగా చైనా పింగాణి వస్తువులు సమర్పించాడు. అందులోనూ కెండిలు ఉన్నాయి. ఎంగిలి తగలకుండా నీళ్ళు తాగటానికి పుట్టిన పాత్ర, నోట్లో పెట్టుకుని పొగ పీల్చే సాధనమయింది. ఇది నీళ్ళ పాత్రా, హుక్కానా అని అడిగితే రెండు సమాధానాలూ సరైనవే. ఏ ఇంట్లో, ఏ కాలంలో అన్నది కూడా అడగాలి.

అసలు లేని వాడుకను అంటగట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం చైనా విభాగంలో లేత ఆకుపచ్చ సెలడాన్ పాత్రలు మనలో చాలామంది చూసే ఉంటారు. నవాబుల కాలంలో వీటిని 'ఘోరీ' పళ్ళాలనేవారు. విషం కలిసిన ఆహారం వడ్డిస్తే పళ్ళెం రంగు మారుతుందని, లేదా పగిలిపోతుందని గట్టి నమ్మకం. ఆ పూత గాజు వంటిది. విషానికి, పులుసుకు తేడా దానికి తెలియదు. అయినా ఆ నమ్మకం వలననే ఆ పళ్ళాలు శతాబ్దాల పాటు భద్రంగా నిలిచాయి. చైనా కుమ్మరి కలలో కూడా అనుకోని పని అది.

రంగం నుంచి వచ్చినవి

మన ఉత్తరాంధ్ర సంగతి వేరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేలాదిమంది కూలికి, కొలువుకు రంగూను వెళ్ళేవారు. మనవారి నోట అది 'రంగం'. తిరిగి వచ్చేటప్పుడు టేకు పెట్టెలు, లక్క డబ్బాలు, పింగాణి సామాను తెచ్చేవారు. 1942లో జపాను దండయాత్రకు చెదిరి వచ్చినవారు, 1960ల తర్వాత బర్మా ప్రభుత్వ విధానాల వలన రావలసి వచ్చినవారు కూడా కలరు. మన ఊళ్ళో బర్మా క్యాంపు అన్న పేరు ఆ చరిత్రకు గుర్తు.

ఊరగాయ జాడీ కథ కూడా ఆ తీరానిదే. బర్మాలోని మర్తబాన్ రేవు పేరు మీదనే పెద్ద జాడీలకు 'మర్తబాన్' అనే పేరు లోకమంతటా వ్యాపించింది. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబన్ బతూతాకు చైనా ప్రయాణంలో ఒక రాజకుమారి నాలుగు మర్తబాన్లు కానుకగా ఇప్పించిందట. వాటి నిండా ఉప్పులో ఊరవేసిన అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి! సముద్ర ప్రయాణానికి ఊరగాయ కట్టి ఇచ్చే ఆచారం మన ఇళ్ళకే పరిమితం కాదన్నమాట.

కొన్నేళ్ళ క్రితం వన్ టౌన్‌లో మా సహోద్యోగి ఒకరి పాత ఇల్లు బిల్డరుకు ఇచ్చారు. సామాను సర్దుతుంటే అటక మీద నుంచి తెల్లని పింగాణి పాత్ర ఒకటి దిగింది. నీలి పూల తీగ, పొడవాటి మెడ, ఉబ్బిన కొమ్ము, పిడి లేదు. ఇంట్లో పిల్లలు ఒకరు దీపపు కుందె అన్నారు, ఒకరు అగరువత్తుల స్టాండు అన్నారు. పాత సామాను కొనేవాడు "పిడి విరిగిన టీ కెటిలండి, దీనికేం వస్తాది" అన్నాడు. పిడి విరిగిన మచ్చ ఎక్కడా లేదు.

మూల గదిలో మంచం మీద ఉన్న మా మిత్రుని తల్లిగారికి ఎనభై దాటాయి. చిన్నతనం రంగంలో గడిపిన మనిషి. పాత్ర తీసుకువెళ్ళి, "ఇదేమిటి మామ్మగారూ?" అని అడిగాను. ఆమె సమాధానం చెప్పకముందే చేయి చెప్పింది. రెండు చేతులతో అందుకుని, కుడి చేతిని నేరుగా మెడ మీదకు పోనిచ్చి, తల వెనక్కు వాల్చారు.

"గిండి బాబూ. మా అమ్మ ఇందులో నీల్లు తాగేది. రంగంలో ఇంటికి ఎవులొచ్చినా ముందు ఇదే ఇచ్చేది. కొమ్ము మూతికి తగల్నీకూడదు. తగిల్తే మా నాయనమ్మ తిట్టేది."

ఇంట్లో ఉన్న ముగ్గురు కొడుకులకు, కోడళ్ళకు ఆ సంగతి అంతవరకు తెలియదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పే సందర్భం రాలేదు. గిండి అమ్మకం ఆగిపోయింది. మరుసటి సంవత్సరం ఆమె కాలం చేశారు. ఒక ఏడాది ఆలస్యమైతే అది ఆ ఇంట్లో శాశ్వతంగా పిడి విరిగిన టీ కెటిలుగానే మిగిలేది.

సభ్యులకు విజ్ఞప్తి

చైనా పింగాణి మన ఇళ్ళలో అందరికీ ఉండదు. కాని వాడుక మరచిన వస్తువులు అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి. ఉగ్గుగిన్నె ముక్కును చూసి నేటి పిల్లలు నూనె పోసే గిన్నె అంటున్నారు. పూర్వం ఆసుపత్రులలో మంచం పట్టిన రోగులకు గంజి, పాలు పట్టే పింగాణి ఫీడింగ్ కప్పును మన ఆసుపత్రి సిబ్బందిలో పెద్దవారు తప్ప ఎవరూ గుర్తుపట్టరు. మన ఉద్యోగాలలో వాడిన సామానుకూ ఇదే గతి. 1933లో రేవు తెరిచిన నాటి పనిముట్లు, ఆ తర్వాత తరాలవారు చేత్తో పట్టి పనిచేసిన కొక్కేలు, తూనికలు, లాంతర్లు ఎన్నో పేరు లేకుండా మూలపడి ఉంటాయి. ఉక్కు కర్మాగారం మిత్రులు కూడా తమ పనిముట్ల గూర్చి ఇదే చెబుతారు.

కనుక నా విన్నపం ఇది. ఇంట్లో పాత వస్తువు ఏదైనా ఉంటే ఒక చీటీ వ్రాసి దానికి కట్టండి. పేరు, ఎవరు తెచ్చారు, ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరంలో, దేనికి వాడేవారు, చేత్తో ఎలా పట్టుకునేవారు, ఇంతే. ఆరు వరుసలు. ఇంట్లో మనకన్న పెద్దవారు ఉంటే వస్తువును వారి చేతికి ఇచ్చి చూడండి. మాట మరచినా చేయి మరవదు. పాత సామాను వర్తకుడు చెప్పిన పేరును ఆ చీటీలో వ్రాయవద్దు. నూరేళ్ళు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపటం నేరం. అమెరికాలో ఉన్న పిల్లలకు పెట్టెలో పెట్టి పంపే ముందు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

మార్కు లేని పెట్టెను మనం షెడ్డులో నుంచి కదలనిచ్చేవాళ్ళం కాదు. మార్కు లేకపోతే అది ఎవరిదో, ఎక్కడికి పోవాలో చెప్పే దిక్కు ఉండదని మనకు అనుభవం. ఆ నియమమే ఇంటి సామానుకూ వర్తిస్తుంది.

మా మిత్రుని ఇంటి గిండికి ఇప్పుడు మెడలో చీటీ ఉన్నది. మామ్మగారు చెప్పిన మాటలు ఆమె మాటల్లోనే వ్రాసి కట్టాము. సభ్యులు ఇటువంటి చీటీలు వ్రాసి కార్యాలయానికి పంపితే, రాబోయే సంచికలలో వాటికొక పుట కేటాయించటానికి సంపాదక మిత్రులు అంగీకరించారు.